ఇంటర్‌లో చదివిన వీట్‌స్టోన్ గుర్తున్నాడా? వీఆర్ హెడ్‌సెట్‌కు మూలం ఆయనే!

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో ఇంటర్ ఎంపీసీ చదివిన ఎవరినైనా అడగండి.. వీట్‌స్టోన్ బ్రిడ్జి గురించి చెప్పేస్తారు. నాలుగు రెసిస్టెన్సులు, మధ్యలో గాల్వనోమీటర్. అయితే ఆ బ్రిడ్జి ఆయన కనిపెట్టింది కాదు! ఆయన నిజంగా కనిపెట్టింది ఇప్పుడు వీఆర్ హెడ్‌సెట్‌లో ఉంది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి మాత్రం పెద్ద గొడవే పడాల్సి వచ్చింది.

బిడియస్తుడైన ప్రొఫెసర్

చార్లెస్ వీట్‌స్టోన్ 1802లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్ దగ్గర పుట్టారు. సంగీత వాయిద్యాలు తయారుచేసే కుటుంబం. యూనివర్సిటీ డిగ్రీ లేకపోయినా 1834లో లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. కానీ నలుగురి ముందు మాట్లాడాలంటే మహా బిడియం. ఆయన పరిశోధనల గురించి చాలాసార్లు మైకేల్ ఫారడేనే లెక్చర్ ఇచ్చేవారు.

రెండు కళ్లు.. రెండు బొమ్మలు

ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాన్ని దగ్గర నుంచి, ఒక్కో కన్ను మూసి చూడండి. ముక్కు కాస్త పక్కకు జరిగినట్టు ఉంటుంది. ఎందుకంటే రెండు కళ్లూ కొద్దిగా తేడాతో చూస్తాయి. ఆ రెండింటినీ కలిపి మెదడు లోతును పట్టుకుంటుంది. అదే విగ్రహం ఫొటో అయితే రెండు కళ్లకూ ఒకటే బొమ్మ. అందుకే చదునుగా కనిపిస్తుంది.

వీట్‌స్టోన్ ఈ సంగతిని 1838లో రాయల్ సొసైటీకి పరికరంతో సహా వివరించారు. ముఖం చూసుకునే అద్దాలు రెండు, అటొకటి ఇటొకటి గీసిన బొమ్మలు. ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఇంకొకటి. అంతే, కాగితం మీది గీతలు ఉబికి వచ్చినట్టు కనిపించాయి. అదే స్టీరియోస్కోప్. అప్పటికి ఫొటోగ్రఫీ ఇంకా ప్రపంచానికి తెలియదు!

పేపర్‌కెక్కిన గొడవ

మొదట్లో దీన్ని మెచ్చుకున్న డేవిడ్ బ్రూస్టర్, 1849లో లెన్సులతో చిన్న స్టీరియోస్కోప్ రూపొందించారు. అది జనంలోకి బాగా వెళ్లింది. తర్వాత ఆయనే, అసలు ఆలోచన వీట్‌స్టోన్‌ది కాదని, ఎడిన్‌బరోకు చెందిన ఇలియట్ అనే లెక్కల టీచర్‌దని వాదించారు. 1856లో ఇద్దరూ టైమ్స్ పత్రికలో లేఖలతో తలపడ్డారు. సభలో నోరు విప్పని మనిషి ఇక్కడ మాత్రం వెనక్కి తగ్గలేదు.

మరి బ్రిడ్జి సంగతి? దాన్ని 1833లో వివరించింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. 1843లో వీట్‌స్టోనే ఆ విషయం స్పష్టంగా చెప్పారు. అయినా లోకం దానికి ఆయన పేరే పెట్టింది. తనది కాదన్న దానికి పేరొచ్చింది. తనదన్న దానికి మాత్రం కొట్లాడాల్సి వచ్చింది!

హెడ్‌సెట్‌లో ఏముంది?

నేటి వీఆర్ హెడ్‌సెట్‌లో ఇద్దరూ ఉన్నారు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ అన్నది వీట్‌స్టోన్ సూత్రం. కంటి ముందు లెన్సులు బ్రూస్టర్ దారి. కంటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్న స్క్రీన్‌ను నేరుగా చూస్తే మసకే. లెన్సు దాన్ని మీటరు, రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. పెద్దవాళ్ల కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. లెన్సుల మధ్య దూరం దానికి సరిపోకపోతే బొమ్మ మసకబారి తలనొప్పి రావచ్చు.

1868లో సర్ బిరుదు అందుకున్న వీట్‌స్టోన్, 1875 అక్టోబర్ 19న పారిస్‌లో కన్నుమూశారు.

ఈసారి హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు ఒక కన్ను మూసి చూడండి. లోతు ఒక్కసారిగా తగ్గిపోతుంది. వీట్‌స్టోన్ కనిపెట్టింది ఏంటో అప్పుడు తెలుస్తుంది.