ఒక్క మాట మార్పించిన హంసా మెహతా



1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్య సమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవారు లేరు. ఆ ప్రకటన మొదటి అధికరణంలో మన దేశపు స్త్రీ చెయ్యి ఉందని మీకు తెలుసా?

హంసా మెహతా 1897లో సూరత్‌లో పుట్టారు. తండ్రి బరోడా సంస్థానంలో దివాన్. చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లినప్పుడు మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడుతో పరిచయమై, స్త్రీల ఉద్యమంలోకి వచ్చారు. కులంవారు అభ్యంతరపెట్టినా వేరే కులానికి చెందిన డాక్టర్ జీవరాజ్ మెహతాను పెళ్లి చేసుకున్నారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లారు. రాజ్యాంగ సభలోని 15 మంది స్త్రీలలో మన రాజమండ్రి దుర్గాబాయి ఒకరైతే, హంసా మరొకరు.

1947లో ఆమె ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిషన్‌లో భారత ప్రతినిధి అయ్యారు. ముసాయిదాలో మనుషులందరికీ బదులు పురుషులందరూ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ఉంది. అందులో స్త్రీలు కూడా ఉన్నట్టేనని అధ్యక్షురాలు ఎలియనార్ రూజ్‌వెల్ట్ కూడా అనుకున్నారు. హంసా ఒప్పుకోలేదు. రేపు ఏ ప్రభుత్వమైనా ఆ మాటనే పట్టుకుని ఆడవాళ్లను పక్కన పెట్టవచ్చని ఆమె భయం. ఆమె పట్టుబట్టడంతో ఆ చోట మానవులందరూ అన్న మాట వచ్చింది. 1995లో, 97 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

స్త్రీపురుషులిద్దరూ దేవుని స్వరూపంలో ఉన్నారని ఆదికాండంలో చదివిన మనకు ఇది కొత్త సంగతి కాదు. అయినా గల్ఫ్ కార్మికుల కోసం ప్రార్థించేటప్పుడు మీ మనసులో మెదిలేది ఎవరు? సైటులో పనిచేసే అన్నదమ్ములే కదా! గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు ఆ ప్రార్థనలో ఉన్నారా?

ఖతార్ 2017 నాటి 15వ చట్టం వారికి రోజుకు 10 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇచ్చింది. 2021 నుంచి నెలకు 1000 రియాళ్ల కనీస వేతనం వారికీ వర్తిస్తుంది. మీ ఇంట్లో పనిచేసే సహోదరికి ఆ సెలవు దొరుకుతోందా? ముందు అది చూడండి. ఈ శుక్రవారం ఆరాధనకు వచ్చేటప్పుడు మీ కారులో ఆమెకూ చోటివ్వండి.