ఇళ్లు కట్టించిన మనిషి తీసిన గెలాక్సీ ఫొటో

తల్లిదండ్రులారా, మీ పిల్లల సైన్స్ పుస్తకాల్లో సుడి తిరిగిన ఆండ్రోమెడా గెలాక్సీ బొమ్మ మీరు చూసే ఉంటారు. ఆ సుడిని మొదట ఫొటోలో స్పష్టంగా పట్టిన ఐజాక్ రాబర్ట్స్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాదు. 1829లో వేల్స్‌లో పుట్టి, లివర్‌పూల్‌లో భవన నిర్మాణం పని నేర్చుకుని, రాత్రి బడిలో చదువుకుని, కాంట్రాక్టరుగా ఎదిగారు. సంపాదించాకే ఆకాశం వైపు తిరిగారు.

లివర్‌పూల్ దగ్గర మగల్‌లో 20 అంగుళాల అద్దమున్న టెలిస్కోప్ పెట్టించుకున్నారు. భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, గంటల తరబడి టెలిస్కోప్‌నూ నక్షత్రాల వెంటే నడపాలి. కాస్త తప్పిందా, చుక్క గీతైపోతుంది. అలా 1888లో, 59 ఏళ్ల వయసులో, గాజు ప్లేటు మీద ఆ సుడిని పట్టారు. అంతకుముందు కంటితో చూసి బొమ్మ గీసినవారికి అది అందలేదు.

అదొక కొత్త సౌరకుటుంబం పుడుతున్న దృశ్యమని ఆయన నమ్మారు. 1904లో ఆ నమ్మకంతోనే వెళ్లిపోయారు. అది మన పాలపుంతకు బయట ఉన్న మరో గెలాక్సీ అని 1920లలో హబుల్ తేల్చారు. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు!

నవంబరులో చంద్రుడు లేని రాత్రి 9 గంటల ప్రాంతంలో, ఊరి దీపాలకు దూరంగా, నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెతకండి. మసక మచ్చలా మామూలు కంటికే కనిపిస్తుంది. పిల్లల్నీ తీసుకెళ్లండి.