డాక్టరు జాన్ పాల్ స్టాప్ గారి చరిత్రము

లోకమునకు మేలుచేసిన మహనీయులలో కొందరి పేరులు బాలబాలికలకెల్ల కంఠస్థములై యుండును. మరికొందరు చేసిన మేలును మనము ప్రతిదినము అనుభవించుచుండియు వారి పేరైనను ఎఱుగము. మోటారుకారులో కూర్చుండువారు భుజము మీదుగాను నడుము మీదుగాను బిగించుకొను పట్టీ యొకటి గలదు. దానినే మనవారందరును సీటు బెల్టందురు. అట్టి పట్టీ మనుష్యుని ప్రాణమును కాపాడగలదని, తన దేహమునే పరీక్షకొప్పగించి లోకమునకు చూపినవారు డాక్టరు జాన్ పాల్ స్టాప్ గారు. 1955వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికా దేశపు ప్రసిద్ధ వారపత్రికయగు టైము తన ముఖపత్రముపై వీరి చిత్రమును ప్రకటించెను. భూమిమీద అత్యంత వేగముగా ప్రయాణము చేసిన మానవుడని ఆ దినములలో వీరిని కొనియాడిరి. వీరి జీవితము మన పాఠశాల విద్యార్థులకును, వారిని ప్రతి ఉదయము బండ్లలో ఎక్కించి పంపు తల్లిదండ్రులకును ఉపయుక్తమని తలచి ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

స్టాప్ గారు 1910వ సంవత్సరము జూలై 11వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశములో, బహియా పట్టణమున జన్మించిరి. వీరి తలిదండ్రులు అమెరికానుండి అచ్చటికి వచ్చి పనిచేయుచుండిన బాప్తిస్టు మిషనెరీలు. నలుగురు కుమారులలో వీరే జ్యేష్ఠులు. తొలిచదువు తల్లియొద్దనే సాగినది. పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయమున వీరిని టెక్సాసు రాష్ట్రములోని పాఠశాలలకు పంపిరి. పిమ్మట వేకో పట్టణములోని బేలరు విశ్వవిద్యాలయమున జేరి, 1931లో బి. ఏ. పట్టమును, మరుసటి సంవత్సరము జంతుశాస్త్రమున ఎం. ఏ. పట్టమును పొందిరి.

కళాశాలలో చదువుకొను కాలమున, 1928వ సంవత్సరపు క్రిస్మసు సెలవులలో, వారి బంధువుల యింట నొక ఘోరము జరిగెను. పినతండ్రి వరుసవారి పసిబిడ్డ యొకడు ప్రాకుచు పోయి నిప్పుగూటిలో పడి మిక్కిలి కాలెను. స్టాప్ గారు రాత్రింబవళ్లు ఆ బిడ్డ ప్రక్కనే యుండి పరిచర్య చేసిరి గాని బిడ్డ దక్కలేదు. ఒక ప్రాణము పోవుట వారు కన్నులార చూచుట అదియే ప్రథమము. తాను వైద్యుడు కావలెనని వారు అప్పుడే నిశ్చయించుకొనిరి. కాని వైద్యవిద్యకు కావలసిన ధనము లేదు. కావున రెండు సంవత్సరములు డెకాటరు పట్టణములోని బాప్తిస్టు కళాశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. 1940లో టెక్సాసు విశ్వవిద్యాలయమునుండి జీవభౌతిక శాస్త్రమున డాక్టరు పట్టము పొంది, అటుపిమ్మట మిన్నెసోటాలో వైద్యవిద్యను ముగించిరి. ఒక పసిబిడ్డ మరణమువలన పుట్టిన నిశ్చయము నెరవేరుటకు పదునైదేండ్లు పట్టినది. 1944లో వారు సైన్యపు విమానశాఖలో వైద్యులుగా జేరిరి.

ఆ కాలమున విమానముల వేగము దినదినము వృద్ధియగుచుండెను. వేగముగా బోవు వాహనము హఠాత్తుగా నిలిచినయెడల లోనివారి దేహముపై వారి బరువునకు అనేక రెట్ల ఒత్తిడి పడును. ఆ ఒత్తిడి 18 రెట్లు మించినచో మనుష్యుడు బ్రతుకజాలడని నిపుణులు నమ్మియుండిరి. విమానములలోని ఆసనములను కూడ ఆ లెక్కకు సరిపడునట్లే నిర్మించుచుండిరి. స్టాప్ గారికి మాత్రము సందేహము కలిగెను. నేలకు గొట్టుకొన్న విమానములలో కొందరు స్వల్పగాయములతో బయటపడుటయు, కొందరు మరణించుటయు కలదు. చనిపోయినవారిని చంపినది ఆ ఒత్తిడియేనా, లేక ఆసనము విరిగి, పట్టీ తెగి, ఎదుటనున్న ఇనుమునకు తల గొట్టుకొనుటయా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకై 1947లో వారు కాలిఫోర్నియా ఎడారిలోని మ్యూరాకునకు వెళ్లిరి.

అచ్చట సుమారు 2,000 అడుగుల రైలుపట్టా యొకటి గలదు. దానిపై రాకెట్లచేత నడుచు బల్లబండిని పరుగెత్తించి, పట్టా చివర గట్టి బ్రేకులతో దానిని హఠాత్తుగా నిలుపుచుండిరి. మొదట మనుష్యుని బరువుగల బొమ్మను కూర్చుండబెట్టిరి. తొలి పరీక్షలలో నొకదానియందు బొమ్మకు పలుచని పట్టీ మాత్రమే కట్టియుండిరి. బండి నిలిచినది గాని బొమ్మ నిలువలేదు. పట్టీ తెగి, ఎదుటి కొయ్యపలకను చీల్చుకొని, వందల అడుగుల దూరమున పోయి పడెను. కారులో కట్టులేక కూర్చున్నవారి గతి ఏమగునో చూపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

బొమ్మతో చేసిన పరీక్షలు ముగిసిన పిదప మనుష్యుడు కూర్చుండవలసి వచ్చెను. స్టాప్ గారు ఇతరులను ముందుకు త్రోయక తామే కూర్చుండిరి. 1947 డిసెంబరు 10వ తేదీన వారి ప్రథమ ప్రయాణము జరిగెను. అప్పటినుండి ఏడు సంవత్సరములలో వారు 29 మారులు ఆ బండ్లనెక్కిరి. మణికట్టు రెండుమారులు విరిగెను. ప్రక్కటెముకలు చిట్లెను. కన్నులలో రక్తము చిమ్మెను. అయినను 18 రెట్ల హద్దు నిజము కాదని వారు త్వరలోనే రుజువు చేసిరి. బండి పోవు దిక్కునకు వీపు త్రిప్పి కూర్చున్నయెడల దేహము మరింత సులభముగా ఒత్తిడిని భరించునని కూడ చూపిరి. పగలెల్ల ఈ పని. సాయంకాలము ఆ ఎడారి శిబిరమున నుండువారి భార్యాబిడ్డలకు ఉచితముగా మందులిచ్చుట. ఆయన దినచర్య అట్టిది.

1949లో నొక పరీక్ష ముగిసిన పిదప చూడగా, కొలత సాధనముల తీగలు తప్పుగా కలుపబడినందున ఒక్క అంకెయైనను నమోదు కాలేదు. తప్పుగా చేయుటకు వీలున్న పనిని ఎవరో యొకరు తప్పుగా చేసియే తీరుదురని ఆ సాధనములను తెచ్చిన ఇంజనీరు మర్ఫీ గారు విసుగుకొనిరట. స్టాప్ గారు ఆ విసుగునే తమ పనికి సూత్రముగా గ్రహించిరి. కీడెంచి మేలెంచవలెనని మన పెద్దలు చెప్పునది ఇదియే గదా.

వీరి చివరి ప్రయాణము 1954 డిసెంబరు 10వ తేదీన న్యూమెక్సికో రాష్ట్రములోని హాలోమన్ విమానస్థావరమున జరిగెను. చూపు పోవచ్చునని వారికి ముందే భయము గలదు. అందుచేత దీపములార్పి చీకటిలో బట్టలు ధరించుకొనుట కొంతకాలము అభ్యసించిరట. ఆ దినమున తొమ్మిది రాకెట్లు మండగా బండి 5 సెకండ్లలో గంటకు 632 మైళ్ల, అనగా సుమారు 1,017 కిలోమీటర్ల, వేగమునందుకొనెను. పిమ్మట 1.4 సెకండులో నిలిచిపోయెను. దేహముపై పడిన ఒత్తిడి 46 రెట్లు మించెను. కన్నులు రక్తముతో నిండి కొంతసేపు ఏమియు కనబడలేదు. క్రమముగా చూపు మరల వచ్చెను. వారు బ్రతికిరి. అంతటి తాకిడిలో వారిని బ్రతికించినవి వారి దేహమును ఆసనమునకు గట్టిగా పట్టియుంచిన పట్టీలే.

ఇంతవరకు జరిగిన పని ఆకాశమున నెగురువారి కొరకు. కాని స్టాప్ గారు సైన్యపు లెక్కలను పరిశీలింపగా, విమాన ప్రమాదములలో ఎంతమంది మరణించుచుండిరో కారు ప్రమాదములలోను ఇంచుమించు అంతమంది మరణించుచుండిరి. ఆకాశమున పట్టీ బిగించుకొను పైలటు నేలమీద కారునెక్కి పట్టీ లేకయే ప్రాణము విడుచుచుండెను. అప్పటినుండి వారి దృష్టి రోడ్డు మీదికి మరలెను. 1955లో ఇంజనీర్లను, వైద్యులను హాలోమన్‌కు పిలిచి, కార్ల తాకిడిని గూర్చి సభ జరిపిరి. ఆ సభ వారి పేరిటనే ఏటేట జరుగుచు వచ్చినది. విమానశాఖకు కార్లతో పనియేమని పైయధికారులలో కొందరు సణిగినను వారు వెనుదీయలేదు. 1957లో అమెరికా శాసనసభ్యుల సంఘము నెదుట సాక్ష్యమిచ్చిరి. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సను గారు మోటారు వాహనముల భద్రతా శాసనముపై సంతకము చేసినప్పుడు స్టాప్ గారు అచ్చటనే యుండిరి. ఈలోగా 1959లో స్వీడను దేశమున వోల్వో సంస్థలోని నిల్స్ బోలిన్ గారు, నేడు మనము వాడు మూడు కొనల బెల్టును నిర్మించిరి. ఆయన కూడ పూర్వము విమానముల ఆసనములను నిర్మించినవారే. ఆ సంస్థ తన హక్కును బిగబట్టక ఇతర సంస్థలవారును దానిని వాడుకొననిచ్చినది.

ఇక ఈ చరిత్రమునకును మన గోదావరి సీమకును సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో బోవు కారు దేనికైన గొట్టుకొని నిలిచినప్పుడు, పట్టీ లేనివాని దేహము అదే వేగముతో ముందునకు పోవును. అది సుమారు 14 మీటర్ల ఎత్తునుండి, అనగా కోనసీమలో బాగుగా నెదిగిన కొబ్బరిచెట్టు తలనుండి, నేలపడిన వేగముతో సమానము. తాడిచెట్టెక్కు గీతపనివాడు మోకు లేనిదే పైకి పోడు. మనము రాజమహేంద్రవరమునుండి రావులపాలెము మీదుగా తణుకు వరకు పెద్దరోడ్డుపై అంతకంటె ఎక్కువ వేగమున పోవుచు, ప్రక్కనే వ్రేలాడు మోకును ముట్టకున్నాము.

బిడ్డలను ఒడిలో నుంచుకొంటిమి గదా యని తల్లులు ధైర్యపడుదురు. 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకండులో పదియవ వంతున నిలిచినచో, 10 కిలోల బిడ్డ తల్లి చేతులకు సుమారు 140 కిలోల బరువగును. 75 కిలోల ధాన్యపు బస్తాలు రెంటికి ఇది ఇంచుమించు సమానము. ఎంత ప్రేమగల చేతులును ఆ బరువును ఆపజాలవు. కావున పసిబిడ్డలకు వెనుక సీటులో వేరుగా చిన్న ఆసనమును బిగించి, దానిలో వెనుకవైపు చూచునట్లు కూర్చుండబెట్టవలెను. వీపు త్రిప్పి కూర్చున్నవాడు ఒత్తిడిని మేలుగా భరించునని స్టాప్ గారు చూపిన సత్యమే ఇచ్చట పనిచేయుచున్నది. గాలిసంచి యున్న ముందు సీటులో అట్టి ఆసనమును ఎన్నడును ఉంచరాదు. కొంచెము పెద్ద పిల్లలకు ఎత్తుపీట వేసి, పట్టీ మెడకు గాక భుజమునకును, కడుపునకు గాక తుంటి ఎముకలకును ఆనునట్లు చూడవలెను. బెల్టు ధరించుటవలన మరణభయము సగము వరకు తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలుపుచున్నది.

వెనుక సీటులోనివారికి అక్కర లేదనుట కూడ భ్రమయే. 2022 సెప్టెంబరులో పారిశ్రామికుడగు సైరస్ మిస్త్రీ గారు వెనుక సీటులో బెల్టు లేక ప్రయాణించుచు మరణించిరి. 2018 ఆగస్టులో మన తెలుగువారైన నందమూరి హరికృష్ణ గారు నల్లగొండ జిల్లాలో కారునుండి బయటికి విసరివేయబడి మరణించినప్పుడును బెల్టు ధరించియుండలేదని పోలీసులు తెలిపిరి. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల శాసనము బెల్టు ధరింపనివారికి 1,000 రూపాయల జరిమానా విధించుచు, 14 ఏండ్లలోపు బాలురకు బెల్టుగాని తగిన ఆసనముగాని యుండవలెనని చెప్పుచున్నది. మోటారుసైకిలుపై నాలుగేండ్లలోపు బిడ్డను తీసికొనిపోవువారు బిడ్డను తమకు కట్టుకొను పట్టీయు, హెల్మెటును వాడి, 40 కిలోమీటర్ల వేగము మించరాదని 2022లో నియమము చేయబడినది.

మన విద్యార్థులలో పలువురి ఇండ్ల కారులు లేవు. వారు ఆటోలలో వచ్చుచున్నారు. ఆటోలో బెల్టుండదు. అట్టిచోట చేయదగినది వేరొకటి. డ్రైవరు ప్రక్కన కూర్చుండక, వెలుపలికి వ్రేలాడక, నిండిన ఆటోను విడిచి మరియొక దానిని ఎక్కుటయే.

ఇది వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. కొన్నియేండ్ల క్రిందట మేము మా చిన్నకుమార్తెను ముందు సీటులో ఒడిలో నుంచుకొని నరసాపురమునుండి కాలువగట్టు రోడ్డున వచ్చుచుండగా, గేదె యొకటి అడ్డము రాగా కారు గట్టిగా నిలిచినది. బిడ్డ మా చేతులనుండి జారి ఎదుటి పలకకు నుదురు గొట్టుకొనెను. వేగము స్వల్పమగుటచే చిన్న గాయముతో పోయినది. అంతవరకు మా చేతులను మేమెంతయో నమ్మియుంటిమి. ఆనాటినుండి నమ్ముట మానితిమి.

స్టాప్ గారు 1970లో సైన్యమునుండి విరమించి, 1991లో దేశాధ్యక్షునిచేత జాతీయ పతకమును పొంది, 1999 నవంబరు 13వ తేదీన న్యూమెక్సికోలోని అలమొగార్డో పట్టణమున 89వ యేట శాంతముగా కన్నుమూసిరి. అంతటి వేగముల నెదుర్కొనినవారు వృద్ధాప్యమున స్వగృహమున మరణించుట కంటె వారి బోధకు వేరు సాక్ష్యమేల? వారు 29 మారులు తమ ఎముకలను పణముగా నొడ్డి నేర్చిన పాఠమును ఆచరించుటకు మనకు రెండు సెకండ్లు చాలును. విద్యార్థులారా, ఈ సెలవులకు ఇంటికి పోవునపుడు కారెక్కగానే మొదట మీరు బిగించుకొనుడు. పిమ్మట బండి కదలకముందే మీ తండ్రిగారిని, తల్లిగారిని, తాతగారిని వినయముతో అడుగుడు. పిల్లల మాటను పెద్దలు ఈ యొక్క విషయమున కాదనరని మా నమ్మకము.