దీన్ దయాళ్: ఉద్యోగం వదిలి కెమెరా పట్టిన మన సీనియర్

1866లో రూర్కీ థామ్సన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక కుర్రాడు పాసై బయటికొచ్చాడు. ఆ కాలేజీయే ఇప్పటి ఐఐటీ రూర్కీ. వెంటనే ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. సర్కారీ జీతం, చివర్లో పెన్షన్. ఇంట్లోవాళ్ళు ఇంకేం కోరుకుంటారు?

ఆ కుర్రాడే రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. ఆయన పేరు చెప్పగానే నిజాం దర్బారు, పులివేటలు, ఫలక్‌నుమా ఫోటోలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అంతకంటే ముందు సంగతే ఆసక్తి. అసలు ఆయన కెమెరా పట్టిందే 1874లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఉద్యోగంలో చేరిన ఎనిమిదేళ్ళకి.

అప్పటికి ఫిల్మ్ లేదు, గాజు పలకే. దాని మీద కొలోడియన్ అనే జిగట ద్రావణం పోసి, సమంగా పరుచుకునేలా నాలుగు మూలలకీ వంచాలి. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే ఫోటో తీయాలి, ఆరకముందే డెవలప్ చెయ్యాలి. చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలు, మే నెల ఎండలో ఇంకా తక్కువ. ఊరు దాటి ఫోటోకెళ్తే చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పెట్టెలు అన్నీ వెంట మోసుకెళ్ళాల్సిందే. లైట్ మీటర్ లేదు. లెన్స్ మూత తీసి, మనసులో సెకన్లు లెక్కపెట్టి, మళ్ళీ మూసెయ్యడమే. లెక్క తప్పితే పలక మొత్తం పోయినట్టే.

ఇది ఎంత కష్టమో ఈమధ్య కొంచెం రుచి చూశాం. మన కాలేజీలో కొందరం పాత యాషికా మ్యాట్ ఒకటి అరువు తెచ్చుకుని ఉప్పల్ మెట్రో స్తంభాల దగ్గర్నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా తిరిగాం. మీడియం ఫార్మాట్ అన్నమాట: 120 రోల్, ఒక్కో నెగటివ్ ఆరు సెంటీమీటర్ల చదరం, రోలుకి 12 ఫోటోలే. ముందు రోల్ వెయ్యకుండా వెనక తలుపు తీసి, ఖాళీ షటర్ కొట్టి, ఒక సెకను అంటే నిజంగా సెకనేనా అని చెవితో విన్నాం. తర్వాత మొదటి రోల్ మొత్తం టెస్టుకే. నాచారంలో ఒక గోడని మిట్టమధ్యాహ్నం మీటర్ చెప్పినట్టు ఒకటి, ఒక స్టాప్ ఎక్కువ, ఒక స్టాప్ తక్కువ తీసి, ప్రతి ఫ్రేమ్ లెక్కా నోట్‌బుక్కులో రాసుకున్నాం. మంచి ఎండలో 100 ఐఎస్‌ఓ ఫిల్మ్‌కి ఎఫ్ 16, సెకనులో 125వ వంతు అనే పాత సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది! పైనుంచి చూసే అద్దంలో కుడి ఎడమలు తారుమారై, కెమెరా ఇటు తిప్పితే బొమ్మ అటు పోతుంటే మాకు తల తిరిగింది. దీన్ దయాళ్ కెమెరా అద్దం మీదైతే మనుషులు తలకిందులుగా కూడా ఉండేవాళ్ళు.

అలాంటి కెమెరాతో ఆయన తీసిన కట్టడాల ఫోటోలు ఒక్కసారి చూడండి. గోడలు నిటారుగా ఉంటాయి, నేల సమంగా ఉంటుంది, ఎక్కడ నిలబడితే కట్టడం పూర్తిగా అర్థమవుతుందో అక్కడే కెమెరా ఉంటుంది. మనం ఫస్టియర్‌లో తిట్టుకుంటూ గీసే ఎలివేషన్లే ఇవి. ఇది డ్రాఫ్ట్స్‌మన్ కన్ను అని నా నమ్మకం.

ఇందోర్‌లో బ్రిటిష్ ప్రతినిధి హెన్రీ డేలీ ఆయన్ని ప్రోత్సహించాడు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటననీ ఫోటోలు తీశాడు. 1882లో లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ కోటలు, గుళ్ళు తిరిగాడు. ఈలోగా మార్కెట్లోకి డ్రై ప్లేట్లు వచ్చాయి. గాజు పలకని ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు, ఇంటికొచ్చాక తీరిగ్గా డెవలప్ చేసుకోవచ్చు. గుడారం బాధ తప్పింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పదేళ్ళుగా రెండు పడవల మీద కాళ్ళు. పేరు కెమెరాతో వస్తోంది, పెన్షన్ మాత్రం డిపార్ట్‌మెంట్‌ది. ఆయన ముందు లాంగ్ లీవ్ పెట్టాడు, తర్వాత ఉద్యోగమే వదిలేశాడు. 1885లో వైస్రాయి డఫ్రిన్ ఫోటోగ్రాఫర్‌గా నియమించుకోవడం ఆ ధైర్యానికి కొంత ఊతం అయ్యుంటుంది. అయినా నలభై దాటినవాడికి, పిల్లలున్నవాడికి అది చిన్న నిర్ణయమేం కాదు.

1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1894లో రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అనే బిరుదిచ్చాడు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో. పనివాళ్ళు పెరిగారు, ఖర్చూ పెరిగింది. రాజుల దగ్గర పనంటే గౌరవం ముందు, డబ్బు ఎప్పుడో. చివరి ఏళ్ళు ఆర్థికంగా కులాసాగా గడవలేదు.

నాకు ఎక్కువ నచ్చినవి ప్యాలెస్ ఫోటోలు కావు. 1900 ప్రాంతంలో నిజాం రాజ్యంలో కరువొచ్చినప్పుడు, కరువు పనుల దగ్గర బక్కచిక్కిన జనాన్ని తీసిన ఫోటోలు. అదే గాజు పలక, అదే నిటారు గీత. విందు బల్లల మెరుపు ఒక్కటే లేదు.

1904లో కొడుకు ధరమ్ చంద్ పోయాడు. మరుసటేడు, 1905 జూలైలో దీన్ దయాళ్ కూడా వెళ్ళిపోయాడు. స్టూడియో ఇంకో కొడుకు జ్ఞాన్ చంద్ చేతికొచ్చింది. మిగిలిన గాజు నెగటివ్‌లలో 2,857 పలకల్ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుంది.