సర్ ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 – 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి, కరువు కాటకాలతో అల్లాడిన గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసిన వ్యక్తిగా ఆంధ్రులకు సుపరిచితుడు. గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను కాటన్ దొర అని గౌరవంగా పిలుచుకుంటారు. ఒక పథకంలో ఏయే పనులు చేరాలి, వేటిని ముందు చేపట్టాలి, వేటిని తరువాతకు విడిచిపెట్టాలి అనే నిర్ణయాలు ఆ పథకం భవితవ్యాన్ని ఎలా శాసిస్తాయో ఆయన జీవితం తెలియజేస్తుంది. గోదావరి వద్ద పని పరిధి స్పష్టంగా ఉండటం ఆయనకు కీర్తి తెచ్చింది. తరువాతి కాలంలో పరిధి మితిమీరిన పథకాలు ఆయనకు విమర్శలు తెచ్చిపెట్టాయి.

బాల్యము, విద్య

కాటన్ ఇంగ్లాండులో హెన్రీ కాల్వెలీ కాటన్ కుమారుడిగా జన్మించాడు. ఆయన తండ్రికి పదకొండు మంది కుమారులు. 15 ఏళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో నియమితుడయ్యాడు. 1821లో భారతదేశానికి వచ్చాడు. తొలి సంవత్సరాలలో పాంబన్ జలమార్గపు సర్వేలో పాల్గొన్నాడు. మొదటి బర్మా యుద్ధంలో కూడా పనిచేశాడు.

కావేరి అనుభవం

కావేరి పాయ అయిన కొళ్ళిడం నది క్రమంగా ఎక్కువ నీటిని లాగుకొనిపోవటంతో తంజావూరు డెల్టా ఎండిపోసాగింది. దీనికి విరుగుడుగా కాటన్ కొళ్ళిడంపై ఎగువ, దిగువ ఆనకట్టలను ప్రతిపాదించాడు. ఇవి 1836లో నిర్మాణమయ్యాయి. రాతినేల దొరకని ఇసుక నదిలో పునాది నిలబెట్టే విధానాన్ని ఆయన ప్రాచీన చోళుల నిర్మాణమైన కల్లణైని పరిశీలించి గ్రహించాడు. ఈ విషయంలో దేశీయ నిర్మాతలకు తాను ఋణపడి ఉన్నట్లు ఆయన బహిరంగంగానే అంగీకరించాడు. ఈ అనుభవమే గోదావరి పథకానికి ఆధారమైంది.

గోదావరి మండల దుస్థితి

రాజమండ్రి జిల్లా 1830 దశకంలో ఘోరమైన కరువులను చవిచూసింది. 1832–33 నాటి నందన నామ సంవత్సరపు కరువు వాటిలో అతి భయంకరమైనది. 1839లో ఉప్పెన సముద్రతీర గ్రామాలను ముంచెత్తింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. గోదావరి నీటిని సేద్యానికి మళ్ళించవచ్చునని మైకేల్ టాపింగ్ 1790 దశకంలోనే సూచించినా అది కార్యరూపం దాల్చలేదు. 1844లో జిల్లా పరిస్థితిని విచారించిన హెన్రీ మాంట్‌గోమరీ ఆ నదీజలాల వినియోగమే తరుణోపాయమని తన నివేదికలో పేర్కొన్నాడు. ఆ పనిని పరిశీలించే బాధ్యత కాటన్‌కు అప్పగించబడినది.

పథకం పరిధి

కాటన్ 1844, 1845 సంవత్సరాలలో ప్రభుత్వానికి నివేదికలు సమర్పించాడు. నీటిని నిల్వచేసే జలాశయం ఆయన ఉద్దేశం కాదు. వర్షాకాలంలో నదిలో నీరు పుష్కలంగా ఉన్నా, దాని మట్టం పొలాల కంటే తక్కువగా ఉండటమే అసలు సమస్య. మట్టాన్ని కొన్ని అడుగులు పెంచి కాలువలలోకి మళ్ళిస్తే చాలునని ఆయన నిర్ణయించాడు. అందువల్ల ఆనకట్ట ఎత్తు సుమారు 12 అడుగులకు పరిమితమైంది. వరదనీరు దానిమీదుగా పొర్లిపోయే ఏర్పాటు చేశారు.

నది డెల్టాలోకి ప్రవేశించే చోటు కావటం, రాయి సమృద్ధిగా ఉన్న కొండ పక్కనే ఉండటం వలన ధవళేశ్వరాన్ని ఎంచుకున్నాడు. ఆనకట్టతో పాటు తూములు, ప్రధాన కాలువలు, పడవలు సాగటానికి లాకులు, వరద గట్లు పథకంలో భాగాలుగా చేరాయి. కాలువలు సేద్యానికే గాక రవాణాకు కూడా ఉపయోగపడాలన్నది ఆయన పట్టుదల. పండిన ధాన్యం బయటి సంతలకు చేరనిదే రైతుకు ఆదాయం రాదని ఆయన వాదించాడు. కంపెనీ డైరెక్టర్లు 1846లో ఈ పథకాన్ని ఆమోదించారు.

నిర్మాణము

పని 1847లో ప్రారంభమైంది. నదీగర్భంలోని లంకల వలన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా రూపొందింది. వీటి కట్టడం మొత్తం పొడవు రెండు మైళ్ళకు పైబడి ఉంటుంది. ధవళేశ్వరం కొండలో కొట్టిన రాయిని పట్టాల మీద బండ్లతోను, పడవలతోను చేరవేశారు. కోరినంత మంది ఇంజనీర్లు లభించకపోవటంతో కాటన్ ఉన్న కొద్దిమందికే శిక్షణ ఇచ్చి పని నడిపించాడు. స్థానిక ఉద్యోగి వీణెం వీరన్న కూలీలను సమకూర్చటంలో ఎంతో తోడ్పడ్డాడు.

1848లో కాటన్ అస్వస్థుడై సెలవుపై వెళ్ళగా ఛార్లెస్ ఓర్ పనిని కొనసాగించాడు. ప్రధాన నిర్ణయాలన్నీ ముందే జరిగిపోయినందున అధికారి మారినా నిర్మాణం దారి తప్పలేదు. కాటన్ తిరిగి వచ్చిన తరువాత, 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్ట పూర్తికావటంతో పథకం ముగిసిపోలేదు. కాలువల తవ్వకం తరువాతి దశాబ్దాలలోనూ సాగింది, ఖర్చు కూడా పెరిగింది. అయితే ప్రతి కొత్త కాలువా వెంటనే కొంత భూమిని సాగులోకి తెచ్చి శిస్తు రాబట్టటంతో తరువాతి పనులకు అనుమతి లభించేది. నగరం లంకకు నీరందించటానికి ఎఫ్.టి.హేగ్ ఆధ్వర్యంలో 49 ఖానాల గన్నవరం అక్విడక్టు నిర్మాణమైంది. గోదావరి విజయంతో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పని ఓర్ ఆధ్వర్యంలో సాగి 1855లో పూర్తయింది. కాగా, కాలువలకు ఇచ్చినంత ప్రాధాన్యత మురుగునీటి పారుదలకు ఇవ్వకపోవటం డెల్టాను తరువాతి కాలంలో బాధించింది.

కంపెనీల పథకాలు

గోదావరి ఫలితాలను చూసిన కాటన్ దేశమంతటా నదులను కలుపుతూ నౌకాయాన కాలువలు తవ్వాలని ప్రతిపాదించాడు. రైలుమార్గాల కంటే ఇవి చౌక అని ఆయన అభిప్రాయం. ఆయన ప్రోత్సాహంతో 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌన్ల మూలధనంపై ప్రభుత్వం 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. తుంగభద్ర జలాలను బళ్ళారి సీమ నుండి తూర్పు తీరం దాకా తీసుకుపోవాలన్న మొదటి ఆలోచన క్రమంగా కుదించుకుపోయి, సుంకేసుల నుండి కడప వరకు సాగే కర్నూలు – కడప కాలువగా మాత్రమే మిగిలింది.

వడ్డీకి హామీ ఉన్నందున ఖర్చును అదుపుచేసే అవసరం కంపెనీకి కలగలేదు. అంచనాలు మించిపోయాయి. నల్లరేగడి నేలలలో మెట్ట పంటలు వేసే రైతులు కాలువ నీటికి అంతగా ముందుకు రాలేదు. డెల్టాలో వరి రైతు నీటి కోసం ఎదురుచూశాడు, ఇక్కడ కాలువయే రైతు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది. ఒరిస్సాలో మరొక కంపెనీ చేపట్టిన కాలువలను కూడా ప్రభుత్వం అంతకు ముందే తీసుకోవలసివచ్చింది.

విచారణ, చివరి దశ

కాటన్ 1860లో పదవీ విరమణ చేశాడు. 1861లో సర్ బిరుదు పొందాడు. దక్షిణ భారతంలో 1876–78 నాటి మహాకరువు తరువాత బ్రిటిషు పార్లమెంటు సెలెక్ట్ కమిటీ 1878లో ప్రజాపనులపై విచారణ జరిపి, ఆయనను సుదీర్ఘంగా ప్రశ్నించింది. కంపెనీల నష్టాలు ఆయన వాదనకు ప్రతికూలంగా నిలిచాయి. కమిటీ ఆయన బృహత్పథకాన్ని సమర్థించలేదు. కరువు నుండి ప్రజలను కాపాడటానికి నీరే మార్గమన్న నమ్మకాన్ని మాత్రం ఆయన చివరివరకు విడిచిపెట్టలేదు. వృద్ధాప్యంలో డార్కింగ్‌లో నివసిస్తూ వ్యవసాయ ప్రయోగాలు చేశాడు. 1899లో 96 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో తండ్రి జీవితచరిత్రను ప్రచురించింది.

స్మారక చిహ్నాలు

పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజికి ఆయన పేరు పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. గోదావరి జిల్లాలలోని అనేక గ్రామాలలో ఆయన విగ్రహాలు కనిపిస్తాయి.