కోనోసుకే మత్సుషిత

ఒక రేడియోను విప్పి చూస్తే లోపల చిన్నవీ పెద్దవీ ఎన్నో భాగాలు కనిపిస్తాయి. వాటన్నిటినీ ఒకే మనిషి, ఒకే చోట కూర్చుని చేయడు. తీగ ఒకచోట, పెట్టె మరొకచోట, బ్యాటరీ ఇంకొకచోట తయారవుతాయి. అవన్నీ ఒక కర్మాగారానికి చేరి రేడియోగా రూపొందుతాయి. ఆ రేడియో టోకు వర్తకుడి దగ్గరికి, అక్కడి నుంచి వీధి చివరి దుకాణానికి, అక్కడి నుంచి ఇంటికి చేరుతుంది. ఈ వరుసలో ఒకరు నష్టపోతే ఆ నష్టం మిగిలినవారికీ పాకుతుంది. ఈ సంగతిని చదువుకుని కాక, సరుకు అమ్ముడుపోక అవస్థపడి తెలుసుకున్నవాడు జపాను దేశపు పారిశ్రామికవేత్త కోనోసుకే మత్సుషిత.

కోనోసుకే 1894 నవంబరు 27న వాకయామా ప్రాంతంలోని వాసా అనే పల్లెలో జన్మించాడు. ఎనిమిదిమంది సంతానంలో అతడే కడగొట్టువాడు. తండ్రికి భూములుండేవి. కాని ఆయన బియ్యం ధరల మీద పందెం వంటి వ్యాపారం చేసి ఆస్తి పోగొట్టుకున్నాడు. కుటుంబం పల్లె విడిచి వాకయామా పట్టణానికి చేరి చెక్క చెప్పుల దుకాణం పెట్టుకుంది. అదీ సాగలేదు. అన్నలిద్దరూ చిన్న వయసులోనే మరణించారు. 1904లో, నాలుగో తరగతిలోనే బడి మాన్పించి, తొమ్మిదేళ్ల కోనోసుకేను ఒసాకా నగరంలో బొగ్గుల కుంపట్లు అమ్మే దుకాణానికి పనికి పంపారు. తల్లి రైలు స్టేషను దాకా వచ్చి కన్నీళ్లతో సాగనంపింది.

కొద్ది నెలలకే ఆ దుకాణం మూతపడింది. అతడు ఒక సైకిళ్ల దుకాణంలో చేరాడు. అక్కడే చాలా సంవత్సరాలు పని చేసి, పనిముట్లు పట్టడమూ, కొనవచ్చినవారితో మాట్లాడడమూ నేర్చుకున్నాడు. ఇంతలో ఒసాకా వీధుల్లో విద్యుత్తుతో నడిచే ట్రాములు వచ్చాయి. ఇక రాబోయే కాలమంతా విద్యుత్తుదేనని అతడికి తోచింది. 1910లో ఒసాకా విద్యుద్దీపాల కంపెనీలో తీగలు అమర్చేవారికి సహాయకుడుగా చేరి, ఇరవై రెండేళ్లకే తనిఖీ అధికారి అయ్యాడు. 1915లో ముమెనో అనే యువతిని వివాహమాడాడు.

ఉద్యోగంలో ఉండగానే ఆయన కొత్త రకం బల్బు సాకెట్ ఒకటి తయారుచేసి పైఅధికారికి చూపించారు. ఆ అధికారికి అది నచ్చలేదు. 1917లో మత్సుషిత ఉద్యోగం మానేశారు. చేతిలో ఉన్నది నూరు యెన్‌లకు లోపే. ఒసాకాలో తాము ఉంటున్న రెండు గదుల ఇల్లే కర్మాగారమయింది. భార్య ముమెనో, ఆమె తమ్ముడు తోషియో ఇయుయె, పాత ఉద్యోగంలోని మిత్రులిద్దరు తోడుగా నిలిచారు. సాకెట్లు తయారయ్యాయి గాని కొనేవారు లేరు. జీతాలు ఇవ్వలేక మిత్రులిద్దరినీ వదులుకోవలసి వచ్చింది. ముమెనో తన పట్టుబట్టలు తాకట్టు పెట్టి ఇల్లు గడిపింది.

ఆ సంవత్సరం చివర అనుకోని బేరం ఒకటి వచ్చింది. విద్యుత్ ఫ్యాన్లు చేసే కంపెనీకి, విద్యుత్తు పారకుండా అడ్డుకునే పలకలు వెయ్యి కావలసి వచ్చాయి. సొంత వస్తువును ఎవరూ కొనని రోజుల్లో, ఇంకొకరి వస్తువులో ఒక చిన్న భాగం చేసి ఇవ్వడమే ఆయనను నిలబెట్టింది. ఆ డబ్బుతో 1918 మార్చిలో తన పేరనే సంస్థను స్థాపించారు. మొదట ప్లగ్గులు, సాకెట్లు చేశారు.

1923లో సైకిల్ దీపం వచ్చింది. అంతకుముందు సైకిల్‌కు కొవ్వొత్తి దీపమో నూనె దీపమో తగిలించుకునేవారు. గాలికి అవి ఆరిపోయేవి. బ్యాటరీ దీపాలు రెండు మూడు గంటలకు మించి వెలిగేవి కావు. మత్సుషిత చేసిన దీపం ముప్ఫై నుంచి యాభై గంటల దాకా వెలిగేది. అయినా టోకు వర్తకులు దానిని నమ్మలేదు. పెట్టెలు, బ్యాటరీలు చేసేవారి దగ్గర నుంచి మాత్రం సరుకు వచ్చిపడుతూనే ఉంది. అప్పుడాయన టోకు వర్తకులను పక్కనపెట్టి నేరుగా సైకిల్ దుకాణాలకు మనుషులను పంపారు. ప్రతి దుకాణంలోనూ కొన్ని దీపాలు ఉంచి, ఒకదానిని అక్కడే వెలిగించి వచ్చేవారు. చెప్పినంత సేపు వెలిగితేనే డబ్బు ఇవ్వాలి, లేకుంటే అక్కర లేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కొన్నాళ్లకు టోకు వర్తకులే ఆయనను వెతుక్కుంటూ వచ్చారు.

1927లో చదరపు దీపం చేసి, దానికి నేషనల్ అని పేరు పెట్టారు. ఈసారి పదివేల దీపాలు ఉచితంగా పంచాలనుకున్నారు. దీపంతోపాటు బ్యాటరీ కూడా ఇవ్వాలి కదా! బ్యాటరీలు చేసేది ఒకాదా అనే వర్తకుడి కంపెనీ. ఏడాది ముగిసేలోగా రెండు లక్షల బ్యాటరీలు అమ్మితే, పదివేల బ్యాటరీలకు వెల తీసుకోకూడదని మత్సుషిత ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. అమ్ముడుపోయినవి నాలుగు లక్షల డెబ్బైవేలు. ఇద్దరికీ లాభమే వచ్చింది.

1929 చివర ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్ముకుంది. గిడ్డంగులు నిండిపోయాయి. మత్సుషిత అప్పుడు జబ్బుతో మంచం మీద ఉన్నారు. పనివారిలో సగం మందిని తీసివేయడం తప్ప మార్గం లేదని అనుచరులు వచ్చి చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. ఒక్కరినీ తీసివేయవద్దన్నారు. కర్మాగారం సగం పూటే నడపాలి, జీతం మాత్రం పూర్తిగా ఇవ్వాలి, మిగిలిన పూట అందరూ సరుకు అమ్మడానికి వెళ్లాలి. ఇదీ ఆయన నిర్ణయం. దాదాపు రెండు నెలలకే గిడ్డంగులు ఖాళీ అయ్యాయి.

రేడియోల విషయంలో మొదట దెబ్బతిన్నారు. వేరొకరు చేసిన రేడియోలను తన దుకాణాల ద్వారా అమ్మబోతే, పాడై తిరిగి వచ్చినవే ఎక్కువ. దుకాణదారులకు వాటిని బాగుచేయడం తెలియదు. మరమ్మతు రాని దుకాణదారు కూడా ధైర్యంగా అమ్మగల రేడియో కావాలని ఆయన పట్టుబట్టారు. ఆయన సంస్థలో తయారైన రేడియోకు 1931లో జపాను రేడియో ప్రసార సంస్థ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. మరుసటి ఏడు ఆయన రేడియో తయారీకి ముఖ్యమైన ఒక పేటెంటును కొని, ఇతర తయారీదారులు కూడా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించారు.

ఆయన ఆరోగ్యం మొదటి నుంచీ అంతంతమాత్రమే. అన్నీ తానే చూసుకునే ఓపిక లేదు. 1933లో సంస్థను విభాగాలుగా విడదీసి, రేడియోలు ఒక విభాగానికి, దీపాలూ బ్యాటరీలూ మరొకదానికి, సాకెట్ల వంటివి ఇంకొకదానికి అప్పగించారు. వస్తువును రూపొందించడం మొదలు అమ్మేదాకా ప్రతి విభాగానిదీ సొంత బాధ్యత, సొంత లెక్క. పెద్ద కంపెనీలు ఇలా విడివడి నడవడం జపానులో అప్పటికి కొత్త.

యుద్ధకాలంలో సైన్యం ఆదేశంపై ఆయన సంస్థ చెక్క ఓడలు, విమానాలు కూడా చేసింది. ఓటమి తరువాత ఆ పని ఆయన మెడకు చుట్టుకుంది. దేశాన్ని ఆక్రమించిన మిత్రరాజ్యాల అధికారులు ఆయనను పదవి నుంచి తొలగించబోయారు. అప్పుడు ఆయన కోసం సంతకాలు సేకరించినది ఆయన సంస్థలోని కార్మిక సంఘమే! 1947లో ఆ ఆపద తొలగింది. 1952లో హాలండుకు చెందిన ఫిలిప్స్ కంపెనీతో కలిసి దీపాలు, రేడియో వాల్వులు, టెలివిజన్ తెర గొట్టాలు చేసే సంస్థను స్థాపించారు. 1957 నుంచి నేషనల్ దుకాణాలు ఊరూరా వెలిశాయి.

1964 నాటికి టెలివిజన్లు, బట్టలుతికే యంత్రాలు చాలా ఇళ్లకు చేరిపోయాయి. అమ్మకాలు మందగించాయి. అయినా కర్మాగారాలు సరుకు పంపుతూనే ఉన్నాయి. అమ్మకపు కంపెనీలు దానిని అప్పు మీద దుకాణాలకు తోస్తున్నాయి. లెక్కల పుస్తకాల్లో అమ్ముడైన సరుకు నిజానికి గిడ్డంగుల్లో పడి ఉంది. ఆ జూలైలో మత్సుషిత సుమారు 170 అమ్మకపు కంపెనీల యజమానులను అతామి పట్టణానికి పిలిపించారు. అప్పటికి ఆయన వయసు దాదాపు డెబ్బై. అధ్యక్ష పదవి విడిచి మూడేళ్లయింది. సమావేశం మూడు రోజులు సాగింది. యజమానులు తమ నష్టాలు ఏకరువు పెట్టారు. వారు శక్తినంతా ధారపోసి ప్రయత్నించలేదని ఆయన మొదట వాదించారు. మాటకు మాట పెరిగింది. మూడో రోజున ఆయన స్వరం మారింది. పేరు లేని తన బల్బులను ఒకనాడు ఈ వర్తకులే తలకెత్తుకుని అమ్మిపెట్టారని గుర్తుచేసుకున్నారు. తప్పు తన సంస్థదేనని ఒప్పుకున్నారు. చెబుతూ చెబుతూ కంటతడి పెట్టారు. సభలో చాలామంది కళ్లు చెమర్చాయి.

కన్నీళ్లతో ఆగిపోయి ఉంటే ఆ సభను ఎవరూ గుర్తుంచుకునేవారు కాదు. మరుసటి నెలలోనే ఆయన తిరిగి అమ్మకాల విభాగం బాధ్యత తీసుకున్నారు. ఒక ప్రాంతానికి ఒకే అమ్మకపు కంపెనీ ఉండేట్టు చూశారు. అప్పు పత్రాల బేరాలు తగ్గించి రొక్కం బేరాలు పెంచారు. వర్తకులు కోలుకున్నారు.

అయితే దుకాణాలను కాపాడడానికి పట్టిన ధరల కట్టుబాటు కొనేవారికి భారమయింది. ధర తగ్గించి అమ్మిన దైయే అనే పెద్ద దుకాణాల సంస్థకు 1964లో సరుకు ఆపివేశారు. ఆ తగాదా 1994 దాకా తీరలేదు. రంగుల టెలివిజన్ల ధరలు అన్యాయమని 1970లో గృహిణులు బహిష్కరణ ప్రారంభించారు. చివరికి సంస్థే దిగివచ్చింది.

1972లో ఏర్పడిన ఇండో నేషనల్ అనే కంపెనీ, మత్సుషిత సంస్థ సహకారంతో నెల్లూరులో టార్చి బ్యాటరీల కర్మాగారం నెలకొల్పింది. నిప్పో బ్యాటరీలు అక్కడివే. మత్సుషిత 1973లో పదవీ విరమణ చేసి, 1989 ఏప్రిల్ 27న తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. బావమరిది తోషియో 1947లో విడిగా స్థాపించిన సాన్యో కంపెనీ చాలాకాలం ఆయన సంస్థకు పోటీగా నిలిచింది. 2008లో మత్సుషిత సంస్థ పేరు పానసోనిక్‌గా మారింది.