శిశూపాధ్యాయులకు మాంటిసోరీ చూపిన దారి

శిశువు కదలుచునే నేర్చును. ఈ సంగతి యెఱుగని తల్లి లేదు. దీనిని మఱచిన పాఠశాలలు మాత్రము నేటికిని పెక్కులు గలవు. కదలికయే శిశువిద్యకు మూలమని చాటి, దానికి తగిన యుపాధ్యాయులను సిద్ధపఱచుటకై జీవితమును వెచ్చించిన డాక్టరు మరియా మాంటిసోరీ చరిత్రము మనకు స్మరణీయము.

ఈమె 1870 ఆగష్టు 31వ తేదీన ఇటలీలోని కియరవల్లె పట్టణమున జన్మించెను. స్త్రీలకు వైద్యవిద్య అరుదైన ఆ కాలమున, 1896లో రోమునగరమున వైద్యపట్టమును బడసెను. బుద్ధిమాంద్యముగల పిల్లలను పరిశీలించుచు, చేతికి పని కల్పించినచో మనస్సు మేల్కొనునని గ్రహించెను. 1907 జనవరి 6వ తేదీన రోములో శాన్ లోరెంజో పేటయందు బీదల బిడ్డలకై శిశుగృహమును తెఱచెను. నేలపై గీచిన గీతవెంట నీటిపాత్ర తొణకకుండ నడచుట, ఒక పాత్రనుండి వేఱొక పాత్రకు నీరు పోయుట, గరుకుకాగితపు టక్షరములను వ్రేలితో దిద్దుట ఆమె పద్ధతిలోని పాఠములు. మన వీధిబడులలో ఇసుకపై నక్షరములు దిద్దించిన యాచారము దీనికి దగ్గఱి చుట్టమే.

1909లో ఆమె ఉపాధ్యాయులకు శిక్షణ మారంభించెను. ఉపన్యాసములు వినుట ఆ శిక్షణకు చాలదు. బిడ్డకు చూపవలసిన ప్రతి పనిని తాము పలుమాఱులు చేయవలెను; మాట తగ్గించి, మెల్లగా చేసి చూపవలెను; శిశువును మౌనముగా గమనింపవలెను.

ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక 1934లో స్వదేశమును వీడిన ఈమె, 1939లో దివ్యజ్ఞాన సమాజమువారి యాహ్వానముపై మద్రాసు చేరెను. అడయారులో జరిగిన తొలి శిక్షణకు సుమారు 300 మంది వచ్చిరి. 1940లో ఇటలీ యుద్ధమున దిగగానే, ఆంగ్లప్రభుత్వము ఆమె కుమారుడైన మారియోను నిర్బంధించి, ఆమె సంచారమును కట్టుదిట్టము చేసెను. ఆగష్టులో కుమారుని విడిచిరి. ఇంత జరిగినను ఆమె బోధన మానలేదు. 1949 వఱకు పలుమాఱులు ఈ దేశమున నుండి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తీర్చెను. 1952 మే 6వ తేదీన హాలండుదేశమున పరమపదించెను.

ఆమె పరికరములు వెలగలవి, పల్లెలకు అందవు అనువారు గలరు. నిజమే. కాని నేలపై గీతకు సుద్దముక్క చాలును. నీరు పోయుటకు రెండు చెంబులు చాలును. కావలసినది ఉపాధ్యాయురాలి శిక్షణయే.

ఖమ్మము జిల్లాలోని వైరా మొదలు భద్రాచలపు మన్యము వఱకు, పసిబిడ్డల తొలి బడి అంగన్వాడీయే. అడవిపల్లెల కోయబిడ్డలు రేలపాటలకు అడుగు కలుపుచు పెరుగుదురు. అట్టివారిని చేతులు కట్టించి కూర్చుండబెట్టుట ఉన్న విద్యను పోగొట్టుటయే. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ఇంటర్మీడియటు చదివిన అంగన్వాడీ కార్యకర్తలకు 6 నెలల శిక్షణను, అంతకు తక్కువ చదివినవారికి 1 సంవత్సరపు శిక్షణను టెలివిజను, ఫోనుల ద్వారా గఱపదలచెను. నెలకొక్క తరగతియైనను ముఖాముఖి జరుపవలెననెను. ఫోనులో చూచి ఈత నేర్చినవాడు లేడు. పిల్లలను నడపించు విద్యయు నట్టిదే. ఆ యొక్కదినమును పరీక్షలకు, వ్రాతలకు ధారవోయక, కార్యకర్తలచే స్వయముగా నడిపించి, ఆడించి, పాడించి నేర్పవలెను. గ్రామపెద్దలు తమ యూరి అంగన్వాడీకి బిడ్డలు నిర్భయముగా పరుగిడదగిన నేలను చూపవలెను. ఈ రెండును జరిగిననాడే మాంటిసోరీ మన గడ్డపై పడిన శ్రమ ఫలించును.